దుంగ కొండ దిగాక

(అటవీ శాఖలో 31 ఏళ్లు పనిచేసి, రేంజ్ అధికారిగా రిటైరైన మా శీర్షిక నిర్వాహకులు పాఠకుల ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: సార్, మాది రాజంపేట దగ్గర పల్లె. మా ఇంటి ముందు రోడ్డు మీదే ఎర్రచందనం బండ్లు ఎన్నోసార్లు పట్టుకున్నారు. దొరికేది ఎప్పుడూ కూలీలు, డ్రైవర్లే. సరుకు చైనాకి పోతుందంటారు. ఇంటర్‌పోల్ అంత పెద్ద సంస్థ ఉండి కూడా కొనేవాణ్ణి ఎందుకు పట్టుకోదు?
– ఒక అంగన్‌వాడీ టీచరు

జవాబు: అమ్మా, మీ కోపం న్యాయమైనదే. అన్నేళ్లు ఆ కొండల్లో తిరిగిన నాకూ అదే కోపం. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది తమిళనాడు కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లలో సరుకు కొనేవాడు ఒక్కడూ లేడు. ఆ రోజు నుంచి నేను ఏ దుంగ చూసినా, ఇది ఎవరి గోదాముకి పోవాల్సిందో అని ముందు ఆలోచించేవాణ్ణి.

ఇంటర్‌పోల్‌కి సొంతంగా అరెస్టు చేసే పోలీసులు లేరు. ఫ్రాన్సులోని లియోన్‌లో దాని కార్యాలయం ఉంది, 196 దేశాలు సభ్యులు. ఒక దేశం పోలీసులకు తెలిసిన సంగతి ఇంకో దేశం పోలీసులకు చేరవేయడం దాని పని. మన దేశంలో ఆ తలుపు ఢిల్లీలో సీబీఐ దగ్గర ఉంది. మన జిల్లా పోలీసు కేసు కట్టి, కోర్టు నుంచి వారంటు తెచ్చుకుని, ఆ కాగితాలు సీబీఐకి చేరిస్తే, అక్కణ్ణుంచి లియోన్‌కి పోతాయి. అన్నీ నిబంధనలకు సరిపోతే వాళ్లు రెడ్ నోటీసు, అంటే ఫలానా మనిషిని వెతికి పట్టుకోండని సభ్య దేశాలకు చేసే విజ్ఞప్తి, జారీ చేస్తారు. గరిష్ఠ శిక్ష కనీసం 2 ఏళ్లయినా ఉన్న నేరమైతేనే ఆ నోటీసు అడగడానికి వీలు. అది వచ్చాక కూడా పట్టుకునేది ఆ దేశం పోలీసులే, వాళ్ల చట్టం ప్రకారమే.

అయినా పని జరగదనుకోకండి. మన కడప, చిత్తూరు కేసుల్లో ప్రధాన నిందితుడొకడు నకిలీ పాస్‌పోర్టుతో దేశం దాటిపోతే, 2015లో మారిషస్‌లో రెడ్ నోటీసు మీద దొరికాడు. అదే ఏడాది నవంబరులో ఇక్కడికి తీసుకొచ్చారు. మా స్టాఫు ఆ వార్త విని ఒకరికొకరు ఫోన్లు చేసుకోవడం నాకు ఇంకా గుర్తుంది.

ఇక 2017 నుంచి ఇంటర్‌పోల్, ప్రపంచ కస్టమ్స్ సంస్థ కలిసి ఏటా 'థండర్' పేరుతో కొన్ని వారాలపాటు చాలా దేశాల్లో ఒకేసారి అడవి జంతువులు, కలప దొంగరవాణా మీద తనిఖీలు చేయిస్తున్నాయి. 2024 నవంబరు 11 నుంచి డిసెంబరు 6 దాకా జరిగిన దాంట్లో 138 దేశాలు పాల్గొన్నాయి. దాదాపు 20 వేల ప్రాణులను బతికుండగా కాపాడారు, 365 మందిని పట్టుకున్నారు. అన్ని ఓడరేవుల్లో ఒకే సమయంలో తనిఖీ జరిగితే, ఒక రేవులో భయపడి ఇంకో రేవుకి మళ్లించే దారి మూసుకుపోతుంది. ఈ పని ఏడాదికి నెలరోజులు కాకుండా, ఏడాది పొడుగునా జరగాలని నా కోరిక.

కానీ కేసు నిలవడం, పోవడం అనేది లియోన్‌లో తేలదమ్మా. ఇది మీకు ఒక సంగతితో చెబుతాను. 2014 మార్చిలో సింగపూర్ రేవులో మడగాస్కర్ రోజ్‌వుడ్ దుంగలు 29,434 దొరికాయి. అంత సరుకు అంతర్జాతీయంగా పట్టుబడటం చాలా అరుదు. అయిదేళ్లు కోర్టుల్లో నలిగింది. మధ్యలో శిక్ష కూడా పడింది. చివరికి 2019లో అక్కడి అత్యున్నత కోర్టు నిందితులను విడిచిపెట్టింది. ఎందుకో తెలుసా? ఆ దుంగలు సింగపూర్‌లోకి 'దిగుమతి' అయ్యాయా, లేక దారిలో ఆగి వేరే చోటికి 'వెళ్తున్నాయా' అన్న ఒక్క ప్రశ్న మీద. వెళ్తున్న సరుకేనని తేలింది, కేసు పడిపోయింది. మన ఎర్రచందనం కూడా ఇలా మధ్య రేవుల్లో ఆగుతూనే పోతుంది. అందుకే ఆ తీర్పు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలాంటి దెబ్బ నాకు సొంతంగానూ తగిలింది. ఒకసారి కొండ మీద అర్ధరాత్రి పట్టుకున్నాం. నరికి ఎంతోసేపు కాలేదు, మోడు మీద ఎర్రటి జిగురు ఇంకా కారుతోంది. చుట్టూ తెల్ల చెక్క పేళ్లు గుట్టగా పడున్నాయి. కూలీలు అక్కడే పైచెక్కంతా గొడ్డలితో చెక్కేసి, లోపలి చేవ మాత్రమే భుజానికెత్తుకుంటారు. టార్చిలైటు వెలుగులో పంచనామాలో 42 దుంగలని రాశాం. తెల్లారి డిపోలో దించి, సుత్తి ముద్ర వేస్తూ లెక్కపెడితే 41. చీకట్లో ఒకదాన్ని రెండుసార్లు కొలిచాం. ఆ ఒక్క అంకె పట్టుకుని నిందితుడి లాయరు కేసంతా లాగేశాడు. ఆ సరుకు ఎవరికి పోతోందో చెప్పగలిగిన ఒక్క మనిషి ఇంటికి పోయాడు. కొనేవాడి దాకా వెళ్లే తాడు మొదటి ముడి కొండ మీదే పడాలి. అక్కడ వదులైతే విదేశంలో ఎంత లాగినా ఊడి వస్తుంది.

ప్రశ్న: నేను ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్షకి చదువుతున్నాను సార్. విదేశంలో పట్టుబడ్డ దుంగ మన కొండదేనని ఎలా రుజువు చేస్తారు?
– బద్వేలు పాఠకుడు

జవాబు: మంచి ప్రశ్న అడిగావు నాయనా. ఈ విషయంలో చెట్టే మన పక్షం. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసన, ముఖ్యంగా మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల్లో. చైనాలో పట్టుబడ్డ సరుకు ఎక్కడిదనే అనుమానం మిగతా కలపల విషయంలో వచ్చినంతగా దీని విషయంలో రాదు. చేవ ముదురెరుపు, నీళ్లలో వేస్తే మునుగుతుంది, మంచి గంధంలా వాసన ఉండదు. అనుమానం వస్తే కణజాలం చూసి చెప్పే నిపుణులు బెంగళూరులోని కలప పరిశోధన సంస్థలో ఉన్నారు.

చిక్కు జాతి దగ్గర కాదు, అనుమతి దగ్గర. అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం ఒకటుంది. ఈ చెట్టు 1995లో దాని రెండో జాబితాలోకి వచ్చింది. అంటే దేశం దాటాలంటే ఎగుమతి అనుమతి పత్రం కావాలి. పట్టుబడ్డ దుంగలను ప్రభుత్వమే వేలం వేస్తుంది, అవి పత్రాలతో చట్టబద్ధంగా బయటికి పోతాయి. దొంగ సరుకు ఆ పత్రాల చాటున దూరాలని చూస్తుంది. లేదా కంటైనరు కాగితాల్లో వేరే సరుకు పేరుతో పోతుంది. గుజరాత్‌లోని ముంద్రా, ముంబై దగ్గరి నవ షెవా రేవుల్లో స్మగ్లింగును పట్టే కేంద్ర రెవెన్యూ ఇంటెలిజెన్స్ వాళ్లు అలాంటి కంటైనర్లు చాలానే తెరిచారు. కాబట్టి నువ్వు ఉద్యోగంలో చేరాక ప్రతి దుంగ పొడవు, చుట్టుకొలత అక్కడికక్కడే రాయి. నంబరు కనబడేలా ఫొటో తియ్యి. డ్రైవరు ఫోనును పంచనామాలో విడిగా చూపించి సీలు వెయ్యి. దుంగ కన్నా ఫోను ముఖ్యమని మా తరానికి ఆలస్యంగా తెలిసింది. కొనేవాడి నంబరు ఉండేది అందులోనే.

ప్రశ్న: తిరుపతిలో కొన్న ఎర్రచందనం బొమ్మను సింగపూర్‌లో ఉన్న మా అమ్మాయికి పంపవచ్చా?
– చిత్తూరు పాఠకురాలు

జవాబు: పంపకండమ్మా. మన ఎగుమతి నిబంధనలు దుంగలకే కాదు, ఎర్రచందనంతో చేసిన వస్తువులకూ వర్తిస్తాయి. ఊరికే సూట్‌కేసులో పెడితే విమానాశ్రయంలో మీ అమ్మాయి ఇబ్బంది పడుతుంది. కొన్న బిల్లు జాగ్రత్తగా దాచుకోండి, బొమ్మను మీ ఇంట్లోనే ఉంచండి. సెలవులకి వచ్చినప్పుడు పిల్లలు ఆడుకుంటారు.