స్టూడియో సినిమా అయితే డబ్బుకు ఢోకా ఉండదా?

మీ తమ్ముడు ముంబైలో ఒక పెద్ద స్టూడియో తీస్తున్న హిందీ సినిమాకు సెట్ పని ఒప్పుకుంటున్నాడు, కార్పొరేట్ కంపెనీ కదా, డబ్బు పక్కాగా వస్తుందా అని అడిగారు. వస్తుంది. ఎప్పుడొస్తుందన్నదే అసలు ప్రశ్న.

మాది సిరిసిల్ల. నాన్న వర్లీలో మిల్లు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను బీకాం అయ్యాక 2002లో అంధేరీలో ఒక నిర్మాత ఆఫీసులో ప్రొడక్షన్ అకౌంట్స్‌లో చేరాను. అక్కడ నా ముఖ్యమైన పని డబ్బు సంచీ మోయడం. ప్యాకప్ అనగానే లైట్‌మెన్, స్పాట్ బాయ్స్, జూనియర్ ఆర్టిస్టులను తెచ్చే సప్లయర్ అందరూ చుట్టూ మూగేవాళ్లు. నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టడం, వోచర్ మీద సంతకం తీసుకోవడం, అంతే. ఆ డబ్బు ఎక్కడిదని నేను అడగలేదు. ఫైనాన్షియర్ దగ్గర మూడు రూపాయల వడ్డీ అని మాత్రం తెలుసు.

ఢిల్లీ-యూపీ, తూర్పు పంజాబ్ అంటూ ఏరియాల వారీగా సినిమా అమ్మి ఆ అప్పు తీర్చాలి (హిందీ వాళ్ల లెక్కలోనూ మన నైజాం ఒక ఏరియానే). అప్పు తీరిందని ఫైనాన్షియర్ చెప్తే తప్ప ల్యాబ్‌వాళ్లు థియేటర్లకు వెళ్లే ప్రింట్లు వదిలేవాళ్లు కాదు. అందుకే రిలీజుకు ముందు గురువారం రాత్రి ఆఫీసులో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ఒకసారి రాత్రి రెండింటికి మా సేఠ్, అంటే నిర్మాత, తన కారు తాళాలు, కాగితాలు నా చేతిలో పెట్టి ఫైనాన్షియర్ ఇంటికి పంపారు. కారు అక్కడ ఇచ్చేసి ఆటోలో తిరిగొచ్చాను. పొద్దున సినిమా పడింది.

నిజానికి అప్పటికే కాగితాల మీద చాలా మారింది. 1997లో టీ-సిరీస్ పాటల కంపెనీ యజమాని గుల్షన్ కుమార్ హత్యతో సినిమా రంగంలో మాఫియా భయం అందరికీ తెలిసొచ్చింది. 1998లో కేంద్రం సినిమాకు పరిశ్రమ హోదా ప్రకటించింది, 2000 తర్వాత బ్యాంకు అప్పులకు దారి తెరుచుకుంది. కానీ కంపెనీలను రప్పించింది ఈ జీవోలకన్నా మల్టీప్లెక్సులే అని నా నమ్మకం. 1995లో అమితాబ్ బచ్చన్ ఏబీసీఎల్ అనే సినిమా కంపెనీ పెట్టి చేతులు కాల్చుకున్నారు. అప్పటికి మల్టీప్లెక్సులు లేవు, థియేటర్‌వాడు చెప్పిందే లెక్క. 1997లో ఢిల్లీ సాకేత్‌లో పీవీఆర్ మల్టీప్లెక్స్ మొదలయ్యాక ఆ తరహా హాళ్లు ఊరూరా పెరిగాయి. టికెట్ లెక్క కంప్యూటర్లో కనిపించాకే కంపెనీలకు ధైర్యం వచ్చింది. 2005లో అనిల్ అంబానీ గ్రూపు యాడ్‌ల్యాబ్స్ అనే సినిమా కంపెనీలోకి వచ్చింది, 2007లో సోనీ 'సావరియా' అనే హిందీ సినిమా తీసింది, తర్వాత ఫాక్స్ స్టార్, వయాకామ్18 కంపెనీలు వచ్చాయి. అందరూ ఒకేసారి స్టార్ల వెంట పడేసరికి రేట్లు ఎక్కడికో పోయాయి. అది వేరే కథ.

నేను 2007లో స్టూడియో సినిమాలకు మారాను. సంచీ పోయింది. వెండర్ కోడ్, పాన్, టీడీఎస్, పీవో (పర్చేజ్ ఆర్డర్, అంటే పని ఇచ్చినట్టు కంపెనీ కాగితం), వారం వారం కాస్ట్ రిపోర్ట్ వచ్చాయి. మంచి గురించి ముందు చెప్పాలి. జీవితంలో మొదటిసారి జీతం స్లిప్పు చూశాను. దాన్ని చూపించే డోంబివలీలో ఫ్లాట్‌కు లోన్ తెచ్చుకున్నాను. కథ హక్కుల కాగితాలు సరిగ్గా లేకపోతే లీగల్‌వాళ్లు సినిమా కదలనివ్వరు కాబట్టి రచయితలకు సంతకాలు చేసిన ఒప్పందాలు దక్కాయి. గురువారం రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఇక రెండో వైపు. షోలాపూర్ నుంచి వచ్చిన మన పద్మశాలి ఆయన ఒకాయన మా సినిమాకు డ్రెస్సులు కుట్టాడు. పాత సేఠ్ అయితే సగం ముందే ఇచ్చేవాడు, మిగతాది తిట్టుకుంటూ అయినా ఇచ్చేవాడు. స్టూడియోలో బిల్లు పెట్టాక 90 రోజులు. పైగా ఆయన బిల్లు మీద పీవో నంబరు లేదని వెనక్కి పంపారు, పంపింది నేనే. మళ్లీ పెట్టేసరికి సంతకం చేయాల్సిన మేనేజర్ ఉద్యోగం మారిపోయాడు. డబ్బు చేతికి అందడానికి ఆరు నెలలు పట్టింది. ఈలోగా పనివాళ్లకు కూలి ఇవ్వడానికి ఆయన బయట అప్పు తెచ్చాడు. ఎంతకి తెచ్చావన్నా అంటే, మూడు రూపాయలకే అన్నాడు. వడ్డీ ఎక్కడికీ పోలేదన్నమాట, సేఠ్ నెత్తి మీంచి దిగి దర్జీ నెత్తికెక్కింది.

కంపెనీ పెద్దదైతే నిలకడగా ఉంటుందనీ అనుకోకండి. డిస్నీ 2012లో యూటీవీ అనే ముంబై సినిమా కంపెనీని పూర్తిగా కొనుక్కుంది, 2016లో హిందీ సినిమాల నిర్మాణమే ఆపేసింది. ఇప్పుడు బయటి డబ్బు పాత నిర్మాణ సంస్థల్లోకే వస్తోంది. 2024లో టీకాల కంపెనీ సీరమ్ అధిపతి అదర్ పూనావాలా కరణ్ జోహార్ ధర్మా ప్రొడక్షన్స్‌లో సగం వాటా 1000 కోట్లకు ఒప్పందం చేసుకున్నారు.

మీ తమ్ముడికి చెప్పండి: ముందు అగ్రిమెంట్ స్టూడియో పేరు మీద ఉందా, మధ్యలో లైన్ ప్రొడ్యూసర్ (స్టూడియో తరఫున షూటింగ్ పనులు నడిపేవాడు) కంపెనీ పేరు మీద ఉందా చూసుకోమనండి. చాలాసార్లు రెండోదే ఉంటుంది, అప్పుడు స్టూడియో పేరు చూసి ధైర్యపడి లాభం లేదు. అడ్వాన్సు కనీసం ప్లైవుడ్, కలప ఖర్చుకు సరిపోవాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వ నమోదు) చేయించుకోమనండి, ఉచితమే. అది ఉన్న చిన్న సంస్థకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటకుండా చెల్లించాలని చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 చట్టం చెప్తోంది. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను లెక్కల్లోనూ దీన్ని కలిపారు, గడువులోగా ఇవ్వకపోతే ఇచ్చేదాకా కంపెనీ ఆ ఖర్చు చూపించుకోలేదు. అకౌంట్స్‌వాళ్లు కదిలేది ఆ భయానికే, నేనూ ఆ సీట్లో కూర్చున్నవాణ్ణే కాబట్టి చెప్తున్నా.

షోలాపూర్ ఆయన మొన్న కలిశాడు. ఇప్పుడు పీవో నంబరు చేతికి రానిదే కత్తెర ముట్టడట.