మెంటర్‌ను వెతికే ముందు చూపించడానికి ఒక పని ఉండాలి

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. డేటా అనలిస్ట్‌గా స్థిరపడాలని ఉంది. మా కుటుంబంలో ఆఫీసు ఉద్యోగం చేసినవారు ఎవరూ లేరు. మంచి మెంటర్ ఉంటేనే ఎదుగుతామని అందరూ చెబుతుంటే, లింక్డ్‌ఇన్‌లో పెద్ద హోదాల్లో ఉన్న చాలామందికి ‘నాకు మెంటర్‌గా ఉండగలరా’ అని సందేశాలు పంపాను. ఒక్కరి నుంచీ జవాబు రాలేదు. మెంటర్ నిజంగా అవసరమా? అవసరమైతే ఎలా వెతుక్కోవాలి?

జవాబు: అవసరమే. అయితే మీ సందేశం అందుకున్న వ్యక్తి వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. ముక్కూ మొహం తెలియని విద్యార్థి ఒకరు మెంటర్‌గా ఉండమని అడిగితే, ఎంత సమయం ఇవ్వాలో, ఎన్నాళ్లు ఇవ్వాలో, ఏ విషయంలో సాయపడాలో వారికి అర్థం కాదు; ఒప్పుకుంటే ఏ బాధ్యత మీద పడుతుందోనన్న సందేహంతోనూ, కాదని చెప్పడానికి మొహమాటంతోనూ చాలామంది ఊరుకుంటారు. కాబట్టి ఆ మౌనాన్ని మీ అర్హత మీద ఇచ్చిన తీర్పుగా తీసుకోకండి. మీరు చేసిన ఏదో ఒక పని గురించి మాటలు సాగుతూ ఉంటే మెంటర్ అనే సంబంధం క్రమంగా ఏర్పడుతుంది. పని ఊసు లేకుండా సంబంధాన్నే అడిగితే ఎదుటివారు చెప్పడానికి ఏమీ ఉండదు.

తరువాతి కాలంలో గొప్ప శాస్త్రవేత్తగా పేరుపొందిన మైకేల్ ఫారడే ఉదంతం ఈ విషయంలో గుర్తుంచుకోదగ్గది. పెద్దగా బడిచదువు లేక, లండన్‌లో పుస్తకాల బైండింగ్ పని నేర్చుకుంటున్న ఆ యువకుడు, శాస్త్రరంగంలో ఏదైనా పని ఇప్పించమని బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి అప్పటి అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు రాస్తే జవాబు రాలేదు. 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినే అవకాశం దొరికినప్పుడు మాత్రం, విన్నదంతా రాసుకుని, బొమ్మలతో సహా శుభ్రంగా తిరగరాసి, తానే బైండింగ్ చేసి, ఆ తరువాత డేవీకి ఉత్తరంతో పాటు పంపాడు. డేవీ పిలిచి మాట్లాడాడు. అప్పటికి ఖాళీ లేకపోయినా, 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుడి స్థానం ఆ యువకుడికే దక్కింది. ఇందులో అదృష్టం పాలు లేదని అనను, ఎందుకంటే ఆ స్థానం అప్పుడు ఖాళీ కాకపోతే కథ మరోలా ఉండేది. అయినా రెండు సందర్భాల్లోనూ అడిగింది ఒకే మనిషి, కోరిక కూడా దాదాపు ఒకటే. రెండోసారి మాత్రం అతను ఎంత శ్రద్ధగా పనిచేస్తాడో డేవీ తన కళ్లతో చూడగలిగాడు.

ఇక మెంటర్ వల్ల ఒనగూరేది ఏమిటన్న విషయానికి వస్తే, పాఠాలు, సాఫ్ట్‌వేర్ శిక్షణ, ఇంటర్వ్యూ ప్రశ్నల వంటివి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి కాబట్టి వాటి కోసం ఎవరినీ ఆశ్రయించనక్కరలేదు. మీ పని ఏ స్థాయిలో ఉందో, ఏ లోపం వల్ల అక్కడే ఆగిపోయిందో ఉన్నది ఉన్నట్టు చెప్పగల మనిషి దొరకడమే కష్టం. సామాజిక శాస్త్రవేత్త హ్యారియెట్ జుకర్‌మన్ నోబెల్ గ్రహీతల మీద చేసిన అధ్యయనంలో, 1972 వరకు అమెరికాలో చేసిన పరిశోధనకు ఆ బహుమతి పొందిన 92 మందిలో 48 మంది తమకంటే పెద్దవారైన మరో నోబెల్ గ్రహీత దగ్గర విద్యార్థులుగానో, కింది స్థాయి సహచరులుగానో పనిచేసినవారేనని తేలింది. వారు తమ గురువుల దగ్గర నేర్చుకున్న వాటిలో విషయ పరిజ్ఞానం కంటే, ఏ ప్రశ్న వెంట వెళ్లడం విలువైనదో, ఎలాంటి పనితో సరిపెట్టుకోకూడదో తెలుసుకోవడానికే ఎక్కువ విలువ ఇచ్చారు. ప్రతిభగల విద్యార్థులు మంచి గురువులను ఎంచుకోవడం, ఆ గురువులు కూడా అలాంటివారినే చేర్చుకోవడం ఈ లెక్క వెనుక ఉన్నందున, ఘనతంతా గురువులకే కట్టబెట్టలేం.

మీ ఇంట్లో ఆఫీసు ఉద్యోగం చేసినవారు లేరని రాశారు కనుక, మీ విషయంలో మరో ప్రయోజనం కూడా ఉంది. జీతం గురించి ఏ దశలో మాట్లాడవచ్చు, మీటింగులో తెలియని విషయం వచ్చినప్పుడు తెలియదని ఎలా చెప్పాలి, పై అధికారి మౌనంగా ఉంటే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, ఏ పనిని నేర్చుకోవడానికి ఒప్పుకోవాలి, ఏ పనిని మర్యాదగా వద్దనాలి వంటివి ఏ పుస్తకంలోనూ పాఠంగా ఉండవు. ఉద్యోగస్తుల పిల్లలు ఇవన్నీ ఇంట్లో పెద్దల మాటల్లో అడగకుండానే వింటూ పెరుగుతారు. మిగిలినవారు ఉద్యోగంలో చేరాక ఒక్కొక్కటే దెబ్బతిని నేర్చుకుంటారు, పైగా ఆ దెబ్బలను తమ తెలివితక్కువతనంగా భావించి కుంగిపోతారు. నా ఉద్దేశంలో, మీలాంటి మొదటి తరం వారికి మెంటర్ చేసే మేలులో పెద్ద భాగం ఈ తెలియని మర్యాదలను ముందే చెప్పి ఉంచడమే.

ఇన్నీ ఒక్కరి దగ్గరే దొరకాలని పట్టుపట్టకండి. ఉద్యోగ స్థలాల్లో మెంటర్ల మీద 1980లలో పరిశోధన చేసిన క్యాథీ క్రామ్, అవకాశాలు ఇప్పించడం, నలుగురి దృష్టిలో పడేలా చేయడం వంటి వృత్తిపరమైన సాయాన్ని ఒక వైపు, ధైర్యం చెప్పడం, ఆదర్శంగా నిలవడం వంటి మానసికమైన ఆసరాను మరో వైపు విడదీసి చూపారు. మీ ప్రాజెక్టులో తప్పులు పట్టగల లెక్చరర్ ఒకరు, రెండు మూడేళ్ల కిందట ఇదే ఉద్యోగంలో చేరిన సీనియర్ ఒకరు ఉంటే ప్రస్తుతానికి చాలు. పెద్ద హోదాలో ఉన్నవారు ఉద్యోగంలో చేరినప్పటి నియామక పద్ధతులు ఇప్పుడు లేవు. ఈనాటి ఇంటర్వ్యూ గురించి వారికంటే ఆ సీనియర్‌కే బాగా తెలుస్తుంది. అలాగని దగ్గరి స్నేహితుల దగ్గరే ఆగిపోకూడదు, ఎందుకంటే వారికి తెలిసింది చాలావరకు మీకూ తెలిసే ఉంటుంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో, తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించినవారిలో ఆ తెలిసిన వ్యక్తిని తరచుగా కలిసేవారు సుమారు 17 శాతమే. మిగిలిన వారందరికీ ఉద్యోగం సంగతి అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవారి నుంచి తెలిసింది.

పద్ధతి విషయానికొస్తే, అందరికీ అందుబాటులో ఉన్న ఏదైనా డేటాను తీసుకుని, ఒకే ఒక ప్రశ్నకు జవాబు వెతుకుతూ చిన్న విశ్లేషణ పూర్తి చేసి, రెండు పేజీల్లో రాయండి. దాన్ని పంపుతూ ‘ఖాళీగా ఉన్న విలువలను తీసేసి లెక్కవేశాను, అందువల్ల ఫలితం ఒక వైపుకు మొగ్గిందేమోనని సందేహంగా ఉంది, మీరైతే ఏం చేస్తారు?’ అన్నంత నిర్దిష్టంగా, పది నిమిషాల్లో జవాబివ్వగలిగేలా అడగండి. జవాబు వస్తే ధన్యవాదాలతో ఆగిపోకుండా, ఆ సలహా ప్రకారం ఏం మార్చారో, మార్చాక ఏమైందో రెండు మూడు వారాల్లో తెలియజేయండి. సలహా పాటించలేకపోతే కారణం కూడా దాచకుండా రాయండి. ఎక్కువమంది ఈ మెట్టు దగ్గరే జారిపోతారు. తాను చెప్పిన మాట ఏమైందో తెలిసిన మనిషికి మళ్లీ చెప్పాలనిపిస్తుంది. అలా నాలుగైదుసార్లు జరిగాక, ఆ సంబంధానికి మెంటర్ అన్న పేరు పెట్టినా పెట్టకపోయినా తేడా ఉండదు.

కొన్ని జాగ్రత్తలూ అవసరం. ఉద్యోగం ఖాయమని హామీ ఇచ్చి ముందుగా డబ్బు అడిగేవారికి, నేర్పిస్తామంటూ తమ పనిని నెలల తరబడి ఉచితంగా చేయించుకునేవారికి, ఇతరుల సలహా తీసుకుంటే నొచ్చుకునేవారికి దూరంగా ఉండండి. నిజాయితీగల మెంటర్ మాట కూడా వారి కాలం నుంచి, వారి అనుభవం నుంచి వచ్చేదే కనుక, విన్నాక నిర్ణయం మీరే తీసుకోవాలి. మీరు ఎదిగే కొద్దీ దూరం పెరగవచ్చు. శిష్యుడు సొంతంగా నిలబడే ఎడబాటు దశను క్రామ్ ఈ సంబంధంలో సహజమైన భాగంగానే వర్ణించారు. 1824లో ఫారడే రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికైనప్పుడు, అప్పటికి దాని అధ్యక్షుడిగా ఉన్న డేవీయే ఆ ఎన్నికను వ్యతిరేకించాడు.

జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచేసి, ఆ తరువాత మరొకరిని సంప్రదించండి. ఇదివరకు మీరు సందేశం పంపినవారికి అదే అభ్యర్థన మళ్లీ పంపవద్దు. విశ్లేషణ పూర్తయి, లెక్చరర్ చూసి సరిదిద్దాక, వారిలో మీ పనికి దగ్గరగా ఉన్న ఒకరిద్దరికి మాత్రం ఈసారి ప్రశ్నతో రాయండి.