ఖాళీ ట్యాంకు సంగతి

చి॥ బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నాయుడుపేట కొట్టంలో పడి ఉన్న మీ నాన్న యెజ్డీ మోటార్‌సైకిల్‌ను బెంగళూరుకు లారీలో వేయించుకున్నావని, నువ్వే సొంతంగా బాగుచేస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా దాని సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టాయిరా. తర్వాత గర్వంగా అనిపించి మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పాను. ఆ బండి మీద చేయి వేసేవాడు మన ఇంట్లో ఇంకొకడున్నాడని.

ఆ మీదట మీ అమ్మ ఇంకో మాట అంది. ట్యాంకు అడుగున చిల్లులున్నాయట. మీ వీధిలో గేట్లు, గ్రిల్స్ చేసే కుర్రాడితో శనివారం వెల్డింగ్ పెట్టిస్తానన్నావట. రాత్రంతా నిద్ర లేదు. వాట్సాప్‌లో రెండు ముక్కలు పంపితే బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా. శనివారం పని ఆపు. మిగతాది తీరిగ్గా చదువు.

పాత పెట్రోలు డబ్బాలోకి దించు, మోరీలో పోయకు. కాక్, అదే ట్యాంకు కింది పెట్రోలు కొళాయి, విప్పి పక్కన పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది ఆయిల్ సంగతి. యెజ్డీ టూ స్ట్రోక్ బండి. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసేవాళ్లం. పెట్రోలు ఎగిరిపోయినా ఆ ఆయిల్ ముదురు పాకంలా అడుగున అంటుకుని ఉంటుంది. దాని మీద నువ్వు ఏ మందు పోసినా తుప్పుకు తగలదు. ముందు వేడినీళ్లు, సబ్బుపొడి వేసి నాలుగైదు సార్లు కడుగు. నీళ్లు బొట్లు బొట్లుగా జారకుండా రేకు మీద పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. అప్పుడు గుప్పెడు చిన్న నట్లు వేసి ఊపు. లెక్కపెట్టి వేయి, లెక్కపెట్టి తీయి. నలభై వేస్తే నలభై రావాలి. నేనోసారి ఒకటి వదిలేస్తే, ఆ బండాయన స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా నన్ను తలుచుకున్నాడు.

తుప్పుకు నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్లకు 50 నుంచి 100 గ్రాములు కలిపి ఒక రాత్రి ఉంచు. బాత్రూం కడిగే యాసిడ్ జోలికి పోకు, అది తుప్పుతో పాటు మంచి రేకునూ తింటుంది. మరునాడు తినే సోడా నీళ్లతో తొలిచి వెంటనే ఆరబెట్టాలి. ఆలస్యం చేస్తే గంటలోనే మళ్లీ పసుపు పూసినట్టు తుప్పు లేస్తుంది.

ఇప్పుడు నా సంగతి. ఇది ఇంతవరకూ మీ నాన్నకు తప్ప మీ ఇంట్లో ఎవరికీ తెలియదు.

1981లో ఇక్కడ మద్రాసు పుదుపేటలో ఒక షెడ్డులో టింకరింగ్ పని నేర్చుకుంటున్నాను. ఒక జావా మోటార్‌సైకిల్ ట్యాంకు వచ్చింది, అడుగున ఆవగింజంత చిల్లు. మేస్త్రీ భోజనానికి వెళుతూ ఒకటే మాట చెప్పాడు: "నీళ్లు నిండా పోసి, చిల్లు ఒక్కటే పైకి ఉండేలా పెట్టి అప్పుడు ముట్టించు." కానీ నీళ్లు వీధి చివర కొళాయి నుంచి మోసుకురావాలి. అక్కడ బిందెల వరస. ట్యాంకు రెండు రోజులుగా ఎండలో బోర్లించే ఉంది. మూత దగ్గర ముక్కు పెట్టి చూశాను, వాసన లేదు. ఒక చెంబెడు నీళ్లతో తొలిచి, ఇంకేముందిలే అనుకున్నాను.

మీ నాన్న కాలేజీ సెలవులకు నా దగ్గరికి వచ్చి ఉన్నాడు. పంతొమ్మిదేళ్లవాడు. "ఇది కదలకుండా పట్టుకోరా" అన్నాను.

గ్యాస్ మంట చిల్లు మీద పెట్టి పది లెక్కపెట్టేలోపు కుక్కర్ పేలినట్టు చప్పుడు. అడుగు రేకు పూరీలా ఉబ్బి, అతుకు దగ్గర చీలిపోయింది. మూత నోట్లోంచి నిప్పు నాలుకలా వచ్చి వాడి ఎడమ చేతిని మోచేయి దాకా తాకింది. వాడు అరవలేదు. ఆ చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని బయటికి నడిచి, "అన్నయ్యా, నీ కళ్లు బాగానే ఉన్నాయా?" అన్నాడు.

పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మీ నానమ్మకు బజ్జీల మూకుడు మీద పడిందని చెప్పాం. మీకూ అదే చెప్పాడు కదా? మే నెల ఎండల్లో కూడా మీ నాన్న ఫుల్ చేతుల చొక్కా ఎందుకు వేసుకుంటాడో ఎప్పుడైనా ఆలోచించావా?

అది ఎందుకు పేలిందో నాకు తర్వాత అర్థమైంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది లోపల అడుగునే కూర్చుంటుంది, ముక్కు దాకా రాదు. తుప్పు పొరల్లో, ఆ ఆయిల్ జిగురులో దాక్కున్నది మంట వేడికి మళ్లీ లేస్తుంది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు ఆవిరి ఉన్నా చాలు, అంటుకుంటుంది. నిండు కుండ తొణకదంటారే, ట్యాంకు కూడా అంతే. నీళ్లతో నిండుగా ఉంటే లోపల ఆవిరికీ గాలికీ చోటే లేదు. భయపడాల్సింది ఖాళీదానికి. గేట్లు అతికే కుర్రాడికి ఇనుము తెలుసు, పెట్రోలు తెలియదు. వాడి తప్పు కాదు.

సన్న చిల్లులకు వెల్డింగ్ అక్కర్లేదు, మాటు, అంటే సోల్డరింగ్, వేస్తే సరిపోతుంది. అదీ బాగా కడిగి, నీళ్లు నింపాకే. పరీక్షకు కంప్రెసర్ గాలి పట్టకు, రేకు ఉబ్బిపోతుంది. నోటితో ఊది, సబ్బు నురగ రాసి బుడగలు చూడు. అడుగంతా జల్లెడై ఉంటే కొత్త ట్యాంకు వెతుకుదాం. మీ జేసీ రోడ్ స్పేర్ పార్టుల కొట్లలో అడుగు, నేను ఇక్కడ పుదుపేటలో అడుగుతా. దొరికినదాన్ని రంగు వేయించక ముందే ఫ్రేమ్ మీద కూర్చోబెట్టి చూడాలి. రంగేశాక బోల్టు అందలేదంటే ఏడుపే.

లోపల కోటింగ్ వేయిస్తే ఇథనాల్‌కు తట్టుకునేదే అడుగు. ఆ ఈ20 పెట్రోలును 2023 ఫిబ్రవరిలో మీ బెంగళూరులోనే మొదలుపెట్టారు. అందులో ఐదో వంతు ఇథనాల్. గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. కాక్‌లో వాషర్లు కొత్తవి వేయి. బండిని నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టకు. మూతలో సన్న కన్నం ఉంటుంది, అది పూడితే గాలి ఆడక బండి నాలుగు కిలోమీటర్లకే ఆగిపోతుంది. 1988లో బండి కొన్న కొత్తలో మీ నాన్న ఆ కన్నం తెలియక గూడూరు దాకా సగం దూరం తోసుకుంటూ పోయాడు.

ఆ కుర్రాడికి ఇచ్చిన అడ్వాన్స్ పోతే పోనీ. ట్యాంకు కడిగి, వాసన పోయాక గోనెసంచిలో చుట్టుకుని వచ్చే ఆదివారం మద్రాసు రా. మీ నాన్నా వస్తానన్నాడు. చేతి సంగతి నేను రాశానని నువ్వు ముందుగా అనకు, వాడిచేతే చెప్పిద్దాం. పెద్దమ్మ చేపల పులుసు చేస్తానంది. మాటు నువ్వే వెయ్యి, నేను పక్కన కూర్చుంటా.

నీళ్లు మాత్రం ఈసారి నేనే మోస్తా.

ఇట్లు,
పెదనాన్న
చూలై, చెన్నై