ఎత్తిన రాయి మళ్లీ అదే గుంటలో

ప్రశ్న: కరీబియన్‌లోని యూనియన్ దీవి బల్లి గురించి విన్నాను. అడవి కొట్టేయకుండానే అది అంతరించే స్థితికి ఎలా వచ్చింది? - ఓ పాఠకుడు, రాజాం

జవాబు: దొంగల వల్ల. సెయింట్ విన్సెంట్ అండ్ గ్రెనడీన్స్ దేశంలోని ఆ చిన్న దీవిలో, చాథమ్ బే దగ్గర సుమారు 50 హెక్టార్ల అడవి ఉంది. ఈ బల్లి ఉండేది అక్కడే. మూతి నుంచి తోక మొదలు దాకా దాదాపు 3 సెంటీమీటర్లు. రాతి కింద ఉన్నంతసేపూ మట్టిరంగే, వెలుగులోకి వస్తే ఒంటి మీద ఎరుపు, నలుపు, తెలుపు చుక్కలు మెరుస్తాయి. ఆ చుక్కలే దాని కొంప ముంచాయి. 2005లో శాస్త్రలోకానికి తెలిసిన కొన్నేళ్లకే విదేశీ పెంపకందారులు ఎగబడ్డారు.

పట్టుకుపోయిన బల్లి ఒక్కటే నష్టం కాదు. దొంగ రాయిని బోర్లించి, పుచ్చిన మొద్దును చీల్చి అలాగే వదిలేస్తాడు. ఎండ తగిలి అడుగున చెమ్మ ఆరిపోతుంది, పురుగులు పోతాయి. దొరకని బల్లికీ నీడ ఉండదు. పైగా ఈ జాతి బల్లులు ఒక్కో విడతకు ఒక్క గుడ్డే పెడతాయి కాబట్టి లోటు త్వరగా పూడదు.

స్థానికులే కాపలాదారులై గస్తీ తిరిగారు, కెమెరాలు పెట్టారు. 2019లో సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో చేర్చడంతో అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధమైంది. 2018లో సుమారు 10 వేలున్నవి తర్వాతి లెక్కలో 18 వేలకు చేరాయి. రోజూ కాలినడకన తిరిగే మనుషులు లేకపోతే కాగితం మీది నిషేధం ఒక్కటే ఇంత పని చేసేది కాదని మా అభిప్రాయం. అయితే 2024 జులై 1న బెరిల్ తుపాను ఆ దీవిని కకావికలు చేసింది. తిత్లీ తర్వాత ఉద్దానం చూసినవారికి ఆ నష్టం వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: జీడితోటలో రాళ్లు తీస్తుంటే బల్లి గుడ్లు కనిపిస్తున్నాయి. ఏం చేయాలి? - ఓ రైతు, పలాస

జవాబు: ముందు మీ జాగ్రత్త. వేళ్లు కిందికి పెట్టకుండా, గునపంతో అవతలి అంచు పట్టి రాయిని మీ వైపుకు ఎత్తండి. పామో తేలో ఉంటే అవతలికి పోతుంది. గుడ్లుంటే రాయిని అదే గుంటలో, అదే ముఖం కిందికి ఉండేలా మెల్లగా దించండి. తలకిందులుగా పెడితే గుడ్డు లోపలి పిండం చనిపోవచ్చు. తప్పనిసరిగా తీయాల్సిన రాయైతే, గుడ్డు పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తిప్పకుండా దగ్గర్లోని నీడలో మరో రాతి కిందికి చేర్చండి. రాతికి అంటుకుని ఉంటే మాత్రం పెకలించొద్దు, రాయినే అలా జరపండి. గట్టు మీద కొన్ని రాళ్లూ, ఒకటి రెండు పడిపోయిన మొద్దులూ ఎప్పటికీ కదపకుండా ఉంచితే మరీ మంచిది.

ప్రశ్న: ఇలాంటి విదేశీ బల్లుల్ని కొనుక్కుని పెంచుకోవచ్చా? - ఓ విద్యార్థి, బొబ్బిలి

జవాబు: యూనియన్ దీవి బల్లినైతే కొనకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ సైటీస్ జాబితా జీవుల్ని ప్రత్యేకంగా చట్టం కిందికి తెచ్చింది. ఇక్కడే పుట్టిందని అమ్మకందారు చెప్పినా తల్లిదండ్రులు ఎలా వచ్చాయో కాగితాలు ఉండాలి. అవి లేని ప్రకటన కనిపిస్తే బేరమాడకండి, స్క్రీన్‌షాట్ తీసి అటవీ శాఖకు పంపండి.