టేబుల్‌కి లైట్లు పెట్టుకున్న పిల్లాడు చెడిపోయినట్టేనా?

సూర్యాపేట నుంచి ఒకమ్మ రాశారు. బాబు టెన్త్, పాత వైఫై బాక్స్ అడాప్టర్‌కి ఎల్ఈడీ స్ట్రిప్ కలిపి చదువుకునే టేబుల్‌కి లైటు చేసుకున్నాడట, మొదట మీటరు స్ట్రిప్ పెడితే అడాప్టర్ కాలిపోతోందని సగానికి కోసేశాడట, వాళ్ల నాన్నకి కోపమొచ్చి మొత్తం పీకేశారట. వాడేమో పాలిటెక్నిక్ అంటున్నాడు, వీళ్లేమో ఇంటర్ ఎంపీసీ, తర్వాత సీఎస్ఈలో ఏఐ ఎంఎల్. ఏది బెటరో పోల్చి చెప్పమన్నారు.

చెప్తా గానీ అమ్మా, ముందు ఆ సగానికి కోసిన సంగతి చూద్దాం. "వచ్చీరాని పని" అని రాశారు మీరు. బయట దొరికే 5050 రకం (ఎల్ఈడీ సైజును బట్టి వచ్చిన పేరు) స్ట్రిప్ మీటరుకి 60 ఎల్ఈడీలుంటే 12 వోల్టుల మీద 14.4 వాట్లు లాగుతుంది, అంటే 1.2 ఆంపియర్లు. ఇలాంటి అడాప్టర్లు చాలావాటి మీద 12 వోల్ట్స్, 1 ఆంప్ అని రాసుంటుంది. మోయలేనంత బరువేస్తే వేడెక్కక ఏం చేస్తుంది? సగం కోస్తే 0.6 ఆంప్, చల్లబడింది. లెక్కేసి కోశాడో చెయ్యి కాలి కోశాడో కనుక్కోండి. స్ట్రిప్ మీద కత్తెర గుర్తు మూడేసి లైట్లకే ఎందుకుందిరా అని కూడా అడగండి. తెల్ల ఎల్ఈడీకి ఇంచుమించు 3 వోల్టులు కావాలి, మూడు వరసగా కలిపితే 9 పైచిలుకు, మిగతాది పక్కనున్న కరెంటుని అదుపు చేసే చిన్న రెసిస్టర్ మింగుతుంది. ఇది తడుముకుంటూ చెప్పినా చాలు, వాడి ఇష్టం నిజమే అంటాను నేను. "వీడియోలో అలాగే చేశారు" అంటే తిట్టకండి, కాకపోతే ఆ ఒక్క లైటు చూసి బ్రాంచ్ డిసైడ్ చెయ్యకండి.

ఇక ఏఐ ఎంఎల్. కాలేజీ పాతదే, లెక్చరర్లు పాతవాళ్లే, బోర్డు మీద పేరు మాత్రం కొత్తది, ఇలాంటివి నేను బోలెడు చూశా. ఒకప్పుడు నేనూ కొందరిని ఊపుగా పంపా, తర్వాత వాళ్ల ఫోన్లు ఎత్తడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు వీఎల్ఎస్ఐ (చిప్‌ల డిజైన్ చదువు), సెమీకండక్టర్ అంటూ ఇంకో గాలి వీస్తోంది, రేపు మీవాడికి లైట్లంటే ఇష్టం కదా అని ఎవరో అందులోకి తోస్తారు. అదైనా లెక్కలు గట్టిగా లేకపోతే మోయలేని చదువే. బ్రాంచ్ పేరు చూసి కాదు, ల్యాబ్ తలుపు తెరిచి ఉంటుందా, పిల్లల్ని మీటర్లు ముట్టుకోనిస్తారా అన్నది చూసి చేర్చండి.

పోల్చమన్నారు కదా. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం 6. డిప్లొమా మూడేళ్లు, ఈసెట్ (డిప్లొమా వాళ్లకి పెట్టే ఎంట్రన్స్) రాసి నేరుగా బీటెక్ సెకండియర్, అదీ 6. సంవత్సరం నష్టం లేదు. డిప్లొమా పిల్లలు బీటెక్ మ్యాథ్స్‌లో కొంచెం ఇబ్బంది పడతారు, మంచి కాలేజీల్లో ఈసెట్ సీట్లు తక్కువ, జేఈఈ ఆశ ఉంటే ఇంటరే నయం. అంతే, మిగతాదంతా మీ కంగారు.

ఆ కంగారు ఎక్కడిదో ఉత్తరంలోనే ఉంది, "మా చుట్టాల్లో అందరూ సాఫ్ట్‌వేర్" అని మూడుసార్లు రాశారు. పెళ్లిలో ఎవరైనా అడిగితే పాలిటెక్నిక్ అని చెప్పాలేమో అన్న భయానికి పదహారేళ్ల పిల్లాణ్ణి ఎందుకమ్మా నలిపేయడం? వైర్లు అతికించే సోల్డరింగ్ పని చేసే పిల్లలు పాడైపోరు. రాత్రి పదకొండు తర్వాత మాత్రం వద్దనండి, పొగ పోయేలా కిటికీ తీసి చెయ్యమనండి, అడాప్టర్ విప్పి 230 వోల్టుల వైపు చెయ్యి పెట్టొద్దనండి, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ సెల్స్ అసలు ముట్టుకోనివ్వకండి. ఈసారి హైదరాబాద్ వెళ్తే కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్లి వోల్టులు, ఆంపియర్లు కొలిచే చిన్న మల్టీమీటర్ కొనివ్వండి.

అన్నట్టు, ఆ పీకేసిన స్ట్రిప్ ఉందా, చెత్తలో పడేశారా? ఉంటే వాళ్ల నాన్న చేతుల మీదుగానే తిరిగి ఇప్పించండి. వెనక జిగురు పోయుంటుంది, డబుల్ సైడ్ టేప్ కూడా తెమ్మనండి.