ఇంటర్ లేని డిగ్రీతో లా సీటు వస్తుందా?

ప్రశ్న: మాది పరకాల. పదో తరగతితో చదువు ఆగిపోయింది. పన్నెండేళ్లుగా ఒక వకీలు సాబ్ దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఇంటర్ లేనివాళ్లకు పెట్టే అర్హత పరీక్ష రాసి, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ 58 శాతంతో పాసయ్యాను. లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ర్యాంకు కూడా వచ్చింది. తీరా సర్టిఫికెట్ల పరిశీలనలో ఇంటర్ మెమో లేదని పక్కన పెట్టారు. ర్యాంకు ఇచ్చి సీటు ఇవ్వకపోవడం న్యాయమేనా? హైకోర్టుకు వెళ్లమంటారా? డిగ్రీ ఉంది కాబట్టి ఐదేళ్ల కోర్సులో నేరుగా మూడో ఏడాదిలో చేరవచ్చా? నా వయసు 34.

జవాబు: మీ బీఏ ఓపెన్‌లో చేశారని ఆపలేదు. ఇంటర్ చదివినవాళ్లు అదే యూనివర్సిటీలో అదే బీఏ చేసి వస్తే హనుమకొండ సుబేదారిలోని లా కాలేజీలో సీటుకు ఏ అడ్డూ ఉండదు. లా చదువుకు ఎవరు అర్హులో చెప్పేది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. అది 2008లో చేసిన న్యాయవిద్య నిబంధనల్లో ఐదోది దూరవిద్యలో చేసిన ఇంటర్‌నీ డిగ్రీనీ ఒప్పుకుంటుంది. దాని కిందే ఒక వివరణ ఉంది. ఆ చదువుకు కావాల్సిన కింది అర్హత లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లు లా కోర్సుకు పనికిరారని దాని సారాంశం. మీకు అడ్డొచ్చింది అదే. అర్హత పరీక్ష మిమ్మల్ని డిగ్రీలోకి రానిచ్చింది గానీ, లా చదువు దగ్గర అది ఇంటర్‌తో సమానం కాదు.

ర్యాంకు మాటకొస్తే, 120 మార్కుల పేపర్లో 42 వస్తే ర్యాంకు ఇస్తారు, ఎస్సీ, ఎస్టీలకు ఆ హద్దు కూడా లేదు. ర్యాంకంటే కౌన్సెలింగ్ వరసలో మీ నంబరు, అంతే. అర్హత తేలేది మెమోలు టేబుల్ మీద పెట్టినప్పుడు.

హైకోర్టులో రిట్ వేయవచ్చు. మధ్యంతర ఉత్తర్వు దొరికి క్లాసులో కూర్చున్నా, రెండేళ్లకు తుది తీర్పు ఎదురు తిరిగితే ఫీజూ పోతుంది, కాలమూ పోతుంది. పైగా రేపు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో వకీలుగా పేరు నమోదు చేసుకునే (ఎన్‌రోల్‌మెంట్) రోజున పది, ఇంటర్, డిగ్రీ మెమోలు వరసగా అడుగుతారు. అక్కడ మళ్లీ ఇదే పేచీ. ఇక ఐదేళ్ల కోర్సులో మధ్యలో చేరడం కుదరదు. పాలిటెక్నిక్ వాళ్లు బీటెక్ రెండో ఏడాదిలో చేరినట్టు లాలో ఉండదు, పదమూడో నిబంధన దాన్ని సూటిగా నిషేధించింది.

మరి దారి? ఓపెన్ ఇంటర్. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో పదో తరగతి మెమోతో చేరండి. పాసయ్యాక లాసెట్ మళ్లీ రాసి ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీకి వెళ్లండి. లాసెట్‌కు గరిష్ఠ వయసు లేదు కాబట్టి 34 గురించి టెన్షన్ వద్దు.

"ఇంటర్ పాసై పాత బీఏతోనే మూడేళ్ల కోర్సుకు వెళ్తే?" అని మీరు అడుగుతారని తెలుసు. డిగ్రీలో చేరిన నాటికి మీకు ఇంటర్ లేదు, తర్వాత తెచ్చినా ఆ వాదన వెంటాడుతూనే ఉంటుంది. నేనైతే వద్దంటాను. ఇంటర్ తర్వాత డిగ్రీ మళ్లీ మూడేళ్లు, ఆపైన లా మూడేళ్లు అంటే ఆరు. నేరుగా అయితే ఐదే. బీఏ వృథా అయిందని బాధగా ఉంటుంది, నిజమే. కానీ ఐదేళ్ల కోర్సు మొదట్లో వచ్చే పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్ లాంటివి మీకు కొంత తేలికవుతాయి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఓపెన్ ఇంటర్ అంటే 35తో గట్టెక్కితే చాలనుకుంటారు. లాకు అది చాలదు. మొత్తం మీద జనరల్‌కు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. మీకు తేలికైన సబ్జెక్టులే పెట్టుకోండి.

మీరు కోర్టు ఆవరణలో తిరిగే మనిషి కాబట్టి ఇది చెప్పక తప్పదు. "పక్క రాష్ట్రం బోర్డు మెమో, నెలలో వచ్చేస్తుంది" అనే బ్రోకర్లు మీ దాకా వస్తారు. దొంగ మెమో చూపిస్తే సీటు పోవడం చిన్న మాట. భారతీయ న్యాయ సంహితలో 318, 336, 340 సెక్షన్ల కింద మోసం, ఫోర్జరీ కేసు మీ మీదే అవుతుంది.

ఉద్యోగం సంగతి కూడా మీ వకీలు సాబ్‌తో ముందే మాట్లాడుకోండి. క్లాసులకు 70 శాతం హాజరు తప్పనిసరి. పొద్దున్నే ఫైళ్లు కట్టి కోర్టు హాల్లో పెట్టే పని క్లాసు టైంతో ఢీకొంటుంది. సీటు వచ్చాక కాలేజీ అడిగితే ఇవ్వడానికి ఆయన దగ్గర అభ్యంతరం లేదన్న లేఖ కూడా తీసుకోండి.

ఓపెన్ ఇంటర్ ఫారం నింపేముందు పదో తరగతి మెమోలో ఇంటిపేరు, తండ్రి పేరు ఎలా ఉన్నాయో ఆధార్‌తో పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించుకోండి.