రాయి కనిపించాలా, హంగులా?

ప్రశ్న: ఒంగోలులో వెబ్‌సైట్లు తయారు చేసి ఇస్తుంటాను. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారు ఒకరికి తెల్లని నేపథ్యంతో, నాలుగే పేజీలతో నమూనా చూపిస్తే, "ఇంత ఖాళీగా ఉన్నదానికా నేను డబ్బులిచ్చేది?" అన్నారు. తెరవగానే సంగీతం మోగాలని, ఫొటోలు వాటంతటవే మారాలని, పైన అక్షరాలు పరుగెత్తాలని పట్టుబడుతున్నారు. వయసులో పెద్దవారు, ఎదురు చెప్పలేను. ఎలా ఒప్పించాలి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: "నిరాడంబరంగా ఉంటేనే బాగుంటుంది" అని మీరు వాదించినంతసేపూ అది మీ అభిరుచికీ ఆయన అభిరుచికీ మధ్య పంచాయితీగానే ఉంటుంది, డబ్బు పెట్టేది ఆయన గనుక అందులో నెగ్గేదీ ఆయనే. కాబట్టి అందం మాట పక్కన పెట్టి సరుకు మాట ఎత్తండి. విదేశీ కొనుగోలుదారు ఫోన్ చేస్తే మొట్టమొదట ఏమడుగుతారో ఆయననే చెప్పమని కాగితం మీద రాసుకోండి. పలక మందం 2 సెంటీమీటర్లా 3 సెంటీమీటర్లా, పొడవు వెడల్పులెంత, నున్నటి పాలిషా, తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిషా, ఏ రేవు నుంచి పంపుతారు అన్నవే వస్తాయి. అందులో సంగీతం లేదన్న సంగతి మీరు విడిగా చెప్పనక్కర్లేదు.

ఫొటోల విషయం మాత్రం గట్టిగానే చెప్పాలి. చీమకుర్తి నల్ల గ్రానైట్ అయిన బ్లాక్ గెలాక్సీకి ప్రపంచమంతటా పేరు తెచ్చినవి నల్లరాతిలో మెరిసే బంగారు చుక్కలు. అవి బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు. చుక్క ఎంత పెద్దది, ఎంత ఒత్తుగా పడింది అని చూడాలనుకున్నవారు ఫొటోను పెద్దది చేసుకునేలోగా అది జారిపోయి మరొకటి వస్తే వారికి మిగిలేది విసుగే. యార్డులో కొనుగోలుదారు పలక ముందు నిలబడి చూస్తుండగానే దాన్ని పక్కకు లాగేస్తారా అని అడగండి. రాయి మీది నుంచి చూపు మళ్లించే రంగులూ డిజైన్లూ నేపథ్యంలో ఎందుకు వద్దో కూడా ఆ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతుంది.

సంగీతం గురించి వాదన అనవసరం. చూసేవారు ఎక్కడో ఒకచోట నొక్కితే తప్ప శబ్దంతో దేన్నీ మోగనివ్వకుండా క్రోమ్ బ్రౌజర్ 2018 నుంచే చాలావరకు అడ్డుకుంటోంది.

అప్పటికీ వినకపోతే ఆయన కోరినట్టే మరో నమూనా చేసి, రెండింటినీ యార్డులోనే, మొబైల్ డేటా మీద, మామూలు ఫోన్‌లో తెరవండి. ఆ రెండు నమూనాల్లో ఏదీ అంతకుముందు చూడని గుమాస్తాను పిలిచి, 3 సెంటీమీటర్ల పలక వివరాలు వెతకమని చెప్పి, మీరు మాత్రం నోరు మెదపకండి. పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటుందో కొలిచే గూగుల్ వారి ఉచిత పరికరం పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో అంకెలు కూడా చూపవచ్చు. పేజీలో కనిపించే అతిపెద్ద భాగం 2.5 సెకన్లలోపు రావాలన్నది వారి ప్రమాణం. అయితే ఆ అంకెలకన్నా తన గుమాస్తా తడబడటం చూస్తేనే యజమాని మనసు త్వరగా మారుతుందని నా అభిప్రాయం.

అన్నీ మీ మాటే నెగ్గాలని కూడా అనుకోకండి. సంస్థ స్థాపకుల ఫొటోనో, ఇలవేల్పు పటమో పెట్టమంటే "మా గురించి" పేజీలో సంతోషంగా పెట్టండి. సొమ్ము పెట్టినవారు తమ ముద్ర ఉండాలనుకోవడం తప్పేమీ కాదు.

చివరిగా, "ఖాళీగా ఉంది" అన్న ఫిర్యాదు నిజానికి ధర గురించినది. బిల్లులో "నాలుగు పేజీలు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరికైనా ఖరీదుగానే తోస్తుంది. రాళ్ల ఫొటోలు తీయడం, త్వరగా తెరుచుకునేలా ఆ ఫొటోల ఫైల్ సైజు తగ్గించడం, వివరాల పట్టికలు, ఇంగ్లిషు రాత, ఫోన్‌కు తగిన అమరిక, ఏడాది నిర్వహణ అని విడివిడిగా చూపండి. అడ్వాన్సు తీసుకునే ముందే ఆ పట్టిక మీద ఆయన సంతకం చేయించుకుంటే ఇద్దరికీ మంచిది.